దుమ్ము చొరని గది

హాబ్సన్‌విల్, ఆక్లాండ్
ఫిబ్రవరి 11

పూజ్యురాలైన సత్యమ్మ దొడ్డమ్మగారికి,

కృష్ణవేణి నమస్కారాలు. నేను యానాంలో మీ చిన్నాన్నగారి చిన్నకూతురి బిడ్డని. నా పెళ్ళికి మీరు ఫ్రాన్స్ నుంచి వచ్చి నాకో సెంటు సీసా ఇచ్చారు. ఖాళీ సీసా ఇప్పటికీ నా చీరల మధ్య ఉంది. ఫోన్లో మాట మీకు వినపడదనీ, ఉత్తరమైతే ఎంత పొడుగున్నా చదువుతారనీ అమ్మ చెప్పింది. అందుకే రాస్తున్నాను.

మా అమ్మాయి నిహారిక వెల్లింగ్టన్‌లో చదువుతోంది. నా పుట్టినరోజుకి అక్కడ ఒక పాతసామాన్ల షాపులో కొని, నాకొక కెమెరా పంపింది. అరచేతిలో ఇమిడిపోతుంది. నల్లతోలు చుట్టి ఉంది. ముందు మూత తీస్తే హార్మోనియం తిత్తిలాంటిది బయటికి జరిగి, దాని చివర లెన్సు నిలబడుతుంది. ముందు పలకమీద ‘వెర్నో’ అని చెక్కి ఉంది. ఆ పేరు చూడగానే మీరు గుర్తొచ్చారు. పెళ్ళయి ఫ్రాన్స్ వెళ్ళిన కొత్తలో మీరు ఆ కంపెనీలో పనిచేశారని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

నిహారిక దాని కథేమిటో కనుక్కోమంది. ఇంటర్నెట్‌లో వెతికితే నాలుగు వాక్యాలున్నాయి, అందులో రెండు ఒకదానితో ఒకటి పొసగవు. అందుకని ఆ కంపెనీ చరిత్ర మొదటినుంచీ చివరిదాకా నేనే రాద్దామనుకుంటున్నాను. మా ఇంట్లో పప్పుల డబ్బాల మీద కూడా కొన్న నెల రాసి అంటిస్తాను. వరస తెలియని వస్తువు ఇంట్లో ఉంటే నాకు తోచదు.

ముందుగా కంపెనీ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో రాయండి. ఆ తర్వాత లోపల ఎవరెవరు ఏ పని చేసేవారు, చివరికి ఎందుకు మూతపడింది. ఇంకొక్క సంగతి. కెమెరా తోలుసంచీ మడతలో చిన్న ఫొటో దొరికింది. అందులో మనిషి లేడు, చెట్టు లేదు. ఒక ఇటుక గోడా, దాని మీదుగా దిగిన గొట్టమూ. అంతే. వెనక పెన్సిల్‌తో ఒక నంబరు రాసి ఉంది. కెమెరా అడుగున చెక్కిన నంబరూ అదే. ఆ గోడ ఎవరిది?

మేమందరం క్షేమం. మావారు ఈశ్వరరావుగారికి సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా అత్తగారు నాగమణిగారు మా దగ్గరే ఉంటారు. ఆవిడకి మతిమరుపు జబ్బు. నేనే చూసుకుంటాను. ఈ ఉత్తరం ఆయన ఆఫీసుకి వెళుతూ పోస్టు చేస్తారు.

మీ
కృష్ణవేణి

~

వాల్‌బ్రే, ఫ్రాన్స్
మార్చి 6

చిరంజీవి వేణికి,

ఒసే, నీ పెళ్ళిలో నువ్వు పీటలమీద కూర్చుని వచ్చిన చదివింపులు లెక్కపెట్టుకుంటుంటే మీ అమ్మ తొడపాశం పెట్టింది, గుర్తుందా? నాకుంది. నువ్వు వరస గురించి రాస్తే ఆ పిల్లే ఇదని నవ్వుకున్నాను. ఇక్కడ తెలుగులో ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో. రెండుసార్లు చదివి, మూడోసారి పైకి చదివాను. నా గొంతు నాకే వినపడలేదనుకో, అది వేరే సంగతి.

సరే, నీ వరసలోనే చెబుతాను. వెర్నో దొర గడియారాల పనివాడు. యుద్ధం అయిపోయాక ఈ కొండల్లో గడియారాలు కొనేవాడు లేడు. చేతిలో పనితనం ఉంది, చేయడానికి పని లేదు. గడియారంలో తిరిగే చక్రాలతోనే కెమెరాలో రెప్పలా మూసుకుని తెరుచుకునే భాగం చేయొచ్చని ఆయనకి తోచింది. ఆడవాళ్ళ చేతిసంచిలో పట్టేంత చిన్న కెమెరా చేయాలని ఆయన పట్టుదల. లెన్సు పారిస్ నుంచి వచ్చేది. మిగతాదంతా ఇక్కడే. తిత్తి మేకతోలుతో కుట్టేవారు. ఆ కుట్టుపని ఒడెత్ అనే ముసలావిడది. నోట్లో సూదులు పెట్టుకునే పాటలు పాడేది, ఎప్పుడు మింగేస్తుందోనని మాకు భయం.

మీ పెదనాన్న నర్సింహ యానాం నుంచి ఫ్రెంచి సైన్యంలో చేరినవాడు కదా. సైన్యం వదిలాక ఇక్కడ రైల్వేలో కుదిరాడు. నన్ను తీసుకొచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, ఫ్రెంచి ముక్క రాదు. మాట అక్కర్లేని పని కావాలంటే దొర నాకు కెమెరాలు పరీక్ష చేసే పని ఇచ్చాడు.

నీ గోడ సంగతి అదే. తయారైన ప్రతి కెమెరానీ నేను కిటికీ దగ్గర స్టాండుకి బిగించి ఒకే ఒక్క ఫొటో తీయాలి. కిటికీకి ఎదురుగా పక్కవాళ్ళ ఇటుక గోడ. ఇటుకలైతే మూలల్లో కూడా గీతలు తిన్నగా ఉన్నాయో వంకరపోయాయో ఇట్టే తెలుస్తుంది. బాగుంటే ఆ ఫొటో వెనక నంబరేసి కెమెరాతోపాటు పెట్టెలో పెట్టేవాళ్ళం. కొన్నవాళ్ళు మొదట చూసే బొమ్మ మా గోడే! ఇప్పుడు నీ ఫొటో తిప్పి చూడు. నంబరులో ఏడు ఉంటే, దాని నడుముకి అడ్డగీత ఉందా? ఫ్రెంచివాళ్ళందరూ గీస్తారు. నేను గీయను. గీత లేకపోతే అది నేను తీసిందే.

ఎండొచ్చినా, మంచు పడినా, నా కంటికి ఆ గోడే. ఏ ఇటుక ఎక్కడ పగిలిందో ఇవాళ్టికీ చెప్పగలను.

తర్వాత జపాను కెమెరాలొచ్చాయి. మాది మూతపడింది. అంతే.

అది సరేగానీ, నీ సంగతి ఒక్క ముక్కయినా రాయలేదేమే? ఇరుగుపొరుగు ఎవరు? పొద్దున లేస్తే ఎటు వెళతావు?

ఆశీస్సులతో
సత్యమ్మ దొడ్డమ్మ

~

హాబ్సన్‌విల్
ఏప్రిల్ 2

దొడ్డమ్మగారికి నమస్కారాలు.

ఏడుకి అడ్డగీత లేదు! ఫొటోని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దీన్ని ఇన్ని దేశాలు తిప్పి మా ఇంటికి తెచ్చినవాళ్ళెవరో తెలియదుగానీ, మన యానాం ఆడపిల్ల తీసిన బొమ్మ మళ్ళీ యానాం ఆడపిల్ల చేతికే వచ్చింది.

మీరు రాసినదంతా భాగాలుగా విడగొట్టి రాసుకున్నాను. గడియారాల కాలం, కెమెరాల మొదలు, పనివాళ్ళు, పరీక్ష. చివరి భాగానికి మాత్రం ‘జపాను కెమెరాలొచ్చాయి’ అన్న ఒక్క వాక్యమే ఉంది. అది ఏ సంవత్సరమో, చివరిరోజు ఏం జరిగిందో రాస్తే పూర్తవుతుంది.

ఇరుగుపొరుగు గురించి అడిగారు. ఎడమవైపు ఒక కివీ ముసలాయన, అంటే ఈ దేశస్థుడే, ఒక్కడే ఉంటాడు. శనివారం గడ్డి కోస్తాడు. ఎర్ర టోపీ పెట్టుకున్నాడంటే వాన రాదని నేను లెక్క వేసుకుని బట్టలు ఏ కిటికీ పక్కన ఆరేయాలో చూసుకుంటాను. ఎదురింట్లో చైనావాళ్ళు. వాళ్ళ పాప కొత్తగా సైకిల్ నేర్చుకుంటోంది, మొన్న పడింది, ఏడవలేదు.

మా అత్తగారి గురించి మీకు నవ్వొచ్చే సంగతి చెబుతాను. ఆవిడ కాకినాడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేశారు. నా పేరు మరిచిపోతారు, పొద్దున తిన్నది మరిచిపోతారు. కానీ ఒక్కసారి చూసిన నంబరు మాత్రం మరవరు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, మూడేళ్ళ కిందటి చలికాలంలో తలుపు తీసుకుని వెళ్ళిపోతే పోలీసులు మోటర్‌వే పక్కన దొరకబుచ్చుకుని తెచ్చారు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. దాంతో ఆయన లోపలా బయటా కూడా అంకెలు నొక్కితేనే తెరుచుకునే తాళం పెట్టించారు. నేను నొక్కుతుంటే ఆవిడ నా భుజం వెనకనుంచి చూసి మర్నాడే తీసేశారు! నంబరు మార్చాం. మళ్ళీ పట్టేశారు. చెయ్యి అడ్డం పెట్టి నొక్కితే వేలు కదిలే తీరు చూసి చెప్పేశారు. చివరికి ఆయన, ‘అసలు ఇంట్లో ఎవరికీ నంబరు తెలియకపోతే ఏ గొడవా ఉండదు కదా’ అని అన్ని తలుపులూ తన ఫోన్‌తోనే తెరుచుకునేలా చేశారు. చాలా సౌకర్యంగా ఉంది. కావాలంటే నేను ఫోన్ చేస్తాను, ఆయన ఆఫీసు నుంచే తీస్తారు.

నిహారిక ఈ కెమెరాకి సరిపడే ఫిల్ము సంపాదించి పోస్టులో పంపింది. రీలంతా తీశాను. ఆయన దాన్ని మళ్ళీ వెల్లింగ్టన్ పంపారు. అది కడిగించి, ప్రింట్లు నేరుగా మీ అడ్రసుకే పంపమని చెప్పాను. పరీక్షించి మార్కులు వేయండి.

మీ
కృష్ణవేణి

~

వాల్‌బ్రే
జూన్ 3

వేణీ,

నీ కూతురు పంపిన ఫొటోలు వచ్చాయి. ఆ పిల్ల మంచిది, మధ్యలో అట్టముక్క పెట్టి వంగకుండా పంపింది.

బల్లమీద వరసగా పేర్చి, భూతద్దం పెట్టి చూశాను. నేను అన్నం తిన్న పని అదేనే. కంచె. కంచె పక్క చెత్తడబ్బాలు. ముసలాయన టోపీ. ఎదురింటి పాప సైకిలు. మళ్ళీ కంచె. మీ అత్తగారు అద్దానికి అరచెయ్యి ఆనించి బయటికి చూస్తున్న బొమ్మ, అది అన్నిటికంటే బాగుంది.

ప్రతి బొమ్మలోనూ పైన ఒక మూల తెల్లటి మసక ఉంది. మొదట లెన్సుకి పూత పోయిందేమో అనుకున్నాను. లెన్సు దోషమైతే మసక ప్రతిసారీ ఒకే చోట ఉండాలి. నీ బొమ్మల్లో నువ్వు జరిగినప్పుడల్లా అదీ జరిగింది. అది మీ ఇంటి దీపమే, కిటికీ అద్దంలో పడుతోంది. రీలు మొత్తంలో ఆరుబయట నిలబడి తీసినది ఒక్కటి లేదు. అంత ఎండలో, చేతిలో కెమెరా పెట్టుకుని, ఏ మనిషయినా ఒక్క అడుగు బయటికి వేయకుండా ఉంటుందా?

నువ్వు రాసిన తాళం కథ మళ్ళీ తీసి చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు.

ఒక్కటే అడుగుతాను. నువ్వు గడప దాటి ఎన్నాళ్ళయిందే?

దొడ్డమ్మ

~

హాబ్సన్‌విల్
జూలై 1

గౌరవనీయులైన సత్యమ్మగారికి,

నమస్కారం. నేను కృష్ణవేణి భర్తను, ఈశ్వరరావును. మనం పెళ్ళిలో ఒక్కసారే కలిశాం. మీరు పెద్దవారు, మీతో ఇలా రాయవలసి రావడం నాకు ఇష్టం లేదు.

పోస్టుబాక్సు నేనే తీస్తాను కాబట్టి మీ ఉత్తరం ముందు నా చేతికి వచ్చింది. కృష్ణకి ఇవ్వలేదు. నా ఆఫీసు బ్యాగులోనే ఉంది. ఇచ్చే ముందు మీకు కొన్ని విషయాలు చెప్పాలనిపించింది.

మా నాన్నగారు పోయాక అమ్మని నేను ఇక్కడికి తెచ్చుకున్నాను. నాకు తోబుట్టువులు లేరు. ఆ రోజు రాత్రి పోలీసు కారులో దుప్పటి చుట్టుకుని కూర్చున్న అమ్మ నన్ను చూసి ‘బాబూ, కాకినాడ లైను కలిపావా?’ అని అడిగింది. ఆమె పాదాలు నీలంగా ఉన్నాయి. అది చూసిన కొడుకు తాళం పెట్టకుండా ఎలా ఉంటాడో చెప్పండి. వృద్ధుల హోమ్‌లో చేర్పించమని ఇక్కడ అందరూ సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు, కృష్ణకీ ఒప్పలేదు. ఇది మేమిద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం.

కృష్ణని నేను ఏ లోటూ లేకుండా చూసుకుంటున్నాను. కావలసినవన్నీ ఇంటికే ఆర్డర్ చేస్తాను. ఆదివారం గుడికి నేనే తీసుకెళ్ళాలనుకుంటాను, కానీ అమ్మని కారులో కూర్చోబెట్టడం కష్టమవుతోంది. ఆమె ఎప్పుడూ నాతో బయటికి వెళ్ళాలని అనలేదు. మీరు దూరం నుంచి నాలుగు ఫొటోలు చూసి ఏదో ఊహించుకుంటే, అది చదివి ఆమె మనసు పాడవుతుంది. ఇప్పుడున్న పరిస్థితిలో మా ఇంటికి అది మంచిది కాదు.

ఆమెకి ఈ కెమెరా చరిత్ర రాయడం మంచి కాలక్షేపంగా ఉంది. దయచేసి ఇకమీదట ఆ కంపెనీ విషయాలు మాత్రమే రాయండి. చివరి భాగం కోసం ఆమె ఎదురుచూస్తోంది.

ఇట్లు
ఈశ్వరరావు

~

వాల్‌బ్రే
జూలై 24

చిరంజీవి ఈశ్వరరావుకి ఆశీస్సులు.

బాబూ, నువ్వు ఉత్తరం రాసి మంచిపని చేశావు. చాటుగా దాచేసి ఊరుకునేవాళ్ళే ఎక్కువ. నువ్వు అడిగినట్టే కంపెనీ సంగతి మాత్రమే రాస్తాను. చివరి భాగం కదా కావాలి. నీ భార్యకి కళ్ళతో చదువుకోమని ఇవ్వకు. నువ్వే పైకి చదివి వినిపించు.

మా వెర్నో దొరకి దుమ్మంటే ప్రాణభయం. లెన్సు వెనక ఒక్క నలుసు పడినా కెమెరా విప్పి మళ్ళీ మొదటినుంచి బిగించాలి. అందుకని మేడమీద మేమందరం పనిచేసే బిగింపు గదిని వేరు చేశాడు. గోడలకి నూనెరంగు, కిటికీలకి తెరుచుకోని అద్దాలు. తలుపు ఊరికే తీస్తూ వేస్తూ ఉంటే మెట్లమీది దుమ్మంతా లోపలికొస్తోందని, పొద్దున మేం లోపలికి వెళ్ళగానే బయట తాళం వేసేవాడు. తాళంచెవి ఆయన గడియారం గొలుసుకే ఉండేది. ఎవరికైనా బయటికి వెళ్ళాలంటే గంట తాడు లాగాలి. ఆయనే వచ్చి తీసేవాడు. ఎప్పుడూ విసుక్కోలేదు. మేమూ అవసరమైతే తప్ప అడిగేవాళ్ళం కాదు. తాడు లాగడానికి మొహమాటపడి మంచినీళ్ళు తాగడం మానేసినవాళ్ళున్నారు. ఆ సంగతి ఆయనకి తెలీదు, ఎవరు చెబుతారు?

ఆయన చెడ్డవాడు కాడు బాబూ. చలికాలం మాకందరికీ ఉన్ని మేజోళ్ళు కొనిపెట్టేవాడు. నాకు ఫ్రెంచి అక్షరాలు దిద్దించింది వాళ్ళావిడే. చెడ్డవాడయితే మేం ఎప్పుడో తలుపు బద్దలుకొట్టేవాళ్ళం. మంచివాడు వేసిన తాళం కాబట్టే అది తాళంలా కనపడలేదు మాకు.

అరవైమూడు మార్చిలో ఒకరోజు ఆయన బ్యాంకు పనిమీద ఊళ్ళోకి వెళ్ళాడు. కింద రంగులేసే గదిలో లక్క డబ్బా అంటుకుంది. ముందు వాసన వచ్చింది, తర్వాత నేల చెక్కల సందుల్లోంచి పొగ. తాడు లాగాం. గంట మోగుతూనే ఉంది. మోగితే వచ్చే మనిషి అక్కడ లేడు.

పరీక్ష స్టాండు ఇనుపది. నేనే దాన్ని ఎత్తి నా కిటికీ అద్దం పగలగొట్టాను. ఎదురుగా, అంగేస్తే అందే దూరంలో, నేను రోజూ ఫొటో తీసిన గోడ. ఆ గొట్టం పట్టుకుని ఒక్కొక్కరం దిగాం. అప్పుడే కింద డబ్బాలు పేలాయి, నా చెవులు ఆనాటితోనే పోయాయి. ఒడెత్‌కి మోకాళ్ళు వంగవు. కిటికీ ఎక్కలేకపోయింది. ‘మీరు పదండి, దొర వస్తాడుగా’ అంది. ఆ మాట ఆమె చెప్పింది కోపంతో కాదు. నమ్మకంతో.

దొర వచ్చాడు. టోపీ ఎక్కడో పడిపోయింది. మెట్లెక్కి తలుపు తీశాడు. తాళం కాలుతూ ఉంటే వట్టి చేత్తో తీశాడు. ఆలస్యమైంది.

ఆ తర్వాత ఆయన ఒక్క కెమెరా కూడా చేయలేదు. జపానువాళ్ళ పోటీకి తట్టుకోలేక మూతపడిందని పేపర్లో రాశారు. అప్పటికే అమ్మకాలు తగ్గాయి, ఆ మాటా అబద్ధం కాదు. కానీ మూతపడింది అందుకు కాదు. పోయేదాకా ఆయన ఇంటి తలుపు రాత్రీ పగలూ బార్లా తెరిచే ఉండేది. మంచు లోపలికొచ్చి పడేది. వాళ్ళావిడ చిమ్ముకునేది.

కంపెనీ చరిత్ర ఇంతే. ఇంకో ముక్క ఎక్కువ రాయలేదు చూసుకో.

నీ తల్లికి నా నమస్కారం చెప్పు.

సత్యమ్మ

~

ఫెర్రీ, హాబ్సన్‌విల్ నుంచి సిటీకి
అక్టోబర్ 14

దొడ్డమ్మా,

అక్షరాలు వంకరపోతే తిట్టకు. పడవ ఊగుతోంది. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. నిన్ను ‘మీరు’ అనడం ఇక నావల్ల కాదు.

నీ ఉత్తరం వచ్చినరోజు ఆయన అన్నం తిన్నాక, ‘నీ చరిత్ర చివరి భాగం వచ్చింది, చదవమన్నారు’ అని సోఫాలో కూర్చున్నారు. ఉన్ని మేజోళ్ళదాకా మామూలుగానే చదివారు. లక్క డబ్బా దగ్గర గొంతు తగ్గింది. ‘గంట మోగుతూనే ఉంది’ అన్న చోట ఆగిపోయారు. కాగితం నాకిచ్చారు. మిగతాది నేను పైకి చదివాను. అత్తగారు పక్కనే కూర్చుని బటానీలు ఒలుస్తున్నారు.

ఆయన పైకప్పుకేసి చూస్తూ, “మనింట్లో స్మోక్ అలారం ఉంది కృష్ణా” అన్నారు.

“ఉంది. మోగింది కూడా” అన్నాను.

“ఎప్పుడు?”

“మే నెలలో. పోపు మాడి పక్కనున్న గుడ్డ అంటుకుంది. మీకు ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నారు. మళ్ళీ చేశాను. కిటికీలు జానెడు మించి తెరుచుకోవు కదా. అత్తగారి మొహానికి తడిగుడ్డ కట్టి, ఆ సందులో మొహం పెట్టించి నిలబెట్టాను. మంట నేనే ఆర్పుకున్నాను.”

“నాకు చెప్పలేదేం?”

“మీరు సాయంత్రం వచ్చి, ‘ఏంటి మిస్డ్ కాల్స్’ అన్నారు. పాలు అయిపోయాయని చెప్పాను.”

అలా ఎందుకు చెప్పానో నాకు ఇప్పటికీ తెలియదు. చెబితే ఆయన బాధపడతారని కావచ్చు. నీ మొదటి ఉత్తరానికి జవాబు రాసినప్పుడు కూడా ‘చాలా సౌకర్యంగా ఉంది’ అని రాశాను, అది రాస్తున్నప్పుడు నిజమనే అనుకున్నాను. ఆ రాత్రి ఆయన బ్యాగులోంచి నీ జూన్ ఉత్తరం తీసి బల్లమీద పెట్టి, వెళ్ళి పడుకున్నారు. ‘గడప దాటి ఎన్నాళ్ళయిందే’ అన్న ప్రశ్న అప్పుడు చదివాను. ఏ పప్పు ఏ నెల కొన్నానో చెప్పగలిగిన దాన్ని, దానికి జవాబు చెప్పలేకపోయాను.

ఒక వారం గడిచింది. తాళం అలాగే ఉంది. మర్నాటి నుంచి నా ఫోన్ మొదటి రింగుకే ఎత్తడం మొదలుపెట్టారు. అంతే మార్పు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. ఇక జీవితమంతా ఇలాగే, నేను గంట కొట్టడం, ఆయన పరుగెత్తుకు రావడం.

చెత్తబండి వచ్చే రోజు పొద్దున ఆయన డబ్బాలు బయట పెట్టడానికి తలుపు తీశారు. నేను అత్తగారి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో వంటింటి కుర్చీ ఈడ్చుకుంటూ ఆయన వెనకే బయటికి నడిచాను. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, నేను గడ్డిలో కూర్చున్నాను. గడ్డి తడిగా ఉంది.

“ఏంటిది?” అన్నారు.

“తాళం తీసేస్తే లోపలికొస్తాం.”

“అందరూ చూస్తున్నారు, లే.”

“చూడనివ్వండి. నేను రోజూ వాళ్ళని చూస్తూనే ఉన్నాగా.”

“అమ్మ వెళ్ళిపోతే?”

“నేనూ వెంట వెళతాను. ఇద్దరం పోతాం, ఇద్దరం వస్తాం. మీ అమ్మని లోపల పెట్టడానికి నన్ను కూడా పెట్టారు. ఆ తాళం ఎవరి కోసమో మర్చిపోయారు మీరు. నేనూ మర్చిపోయాను.”

అత్తగారు రోడ్డు వైపు చూస్తూ, “ఏమ్మా, బస్సు ఇంకా రాలేదా?” అన్నారు. “ఈయన దారిస్తే వస్తుందండీ” అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. ఆఫీసుకి టైమవుతోందన్నారు. వెళ్ళమన్నాను. కారులో కూర్చుని, మళ్ళీ దిగొచ్చారు.

అప్పుడు ఎడమవైపు ముసలాయన కంచె దగ్గరికొచ్చాడు. నేను ఏళ్ళతరబడి చూస్తున్న మనిషి. ఆయన టోపీని బట్టి నా బట్టలు ఆరేసుకునేదాన్ని. ఆయన నావైపు చెయ్యి ఊపి, నవ్వుతూ, “హలో! ఈ ఇంట్లోకి కొత్తగా వచ్చారా?” అని ఇంగ్లీషులో అడిగాడు.

నేను మావారి వైపు చూశాను. ఆయన మొహంలో రక్తం లేదు. గరాజులోకి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చారు. తాళం ఊడదీయడానికి చాలాసేపు పట్టింది, ఆయనకి అలాంటి పని అలవాటు లేదు. ఆరోజు ఆఫీసుకి వెళ్ళలేదు.

ఇప్పుడు అంతా హాయిగా ఉందని నీకు రాయను. నాకు పని పెరిగింది. అత్తగారి మెడలో పేరూ మా ఫోన్ నంబరూ ఉన్న బిళ్ళ వేశాం. అయినా మొన్న నేను స్టవ్ కట్టేసి వచ్చేలోగా వీధి మలుపుదాకా వెళ్ళిపోయారు. చెప్పులు లేకుండా వెనక పరుగెత్తాను. ఊపిరి అందక మధ్యలో నిలబడిపోయాను. పట్టుకున్నాక ఇద్దరం అక్కడే గట్టుమీద కూర్చుండిపోయాం. ఆయనకి భయం పోలేదు. రాత్రి లేచి తలుపు గడియ చూసుకుని వస్తుంటారు, నేను నిద్ర నటిస్తాను. వారంలో రెండురోజులు ఇంటినుంచి పనిచేస్తానని ఆఫీసులో అడిగారు. ఒప్పుకుంటారో లేదో తెలియదు.

చరిత్ర చివరి భాగం రాయడం పూర్తిచేశాను. జపాను కెమెరాల వాక్యం కొట్టేయలేదు, నువ్వు అబద్ధం కాదన్నావు కనుక. దాని కింద ఒడెత్ పేరు రాశాను.

ఇవాళ పొద్దున ఇద్దరం నడుచుకుంటూ రేవుదాకా వచ్చాం. ఒడ్డున ఫెర్రీ ఆగి ఉంది. అత్తగారు నా చెయ్యి వదిలించుకుని ఎక్కేశారు. నేనూ ఎక్కాను. ఎటు వెళ్తుందో ఎక్కాకే అడిగాను. ఇప్పుడు అటూ ఇటూ మడ అడవి, మధ్యలో బూడిదరంగు నీళ్ళు. ఎదురుగాలి ఎంత గట్టిగా కొడుతోందంటే కాగితాన్ని మోచేత్తో నొక్కి పట్టుకుని రాస్తున్నాను. ఆవిడ జడ ఊడిపోయింది. “ఏ ఊళ్ళో దిగాలమ్మా?” అని ఇందాకటి నుంచి అడుగుతున్నారు.

ఇంతలో ఆయన ఫోన్.

“ఎక్కడున్నారు? ఇంటి నంబరుకి చేస్తే ఎవరూ ఎత్తలేదు.”

“నీళ్ళమీద.”

“ఏంటీ?”

“ఫెర్రీలో ఉన్నాం. మీ అమ్మగారు ఎక్కారు, నేనూ ఎక్కాను.”

ఆయన ఊపిరి వినపడింది.

“తిరిగి ఎప్పుడొస్తారు?”

“తెలీదండీ. టైమ్‌టేబుల్ చూసుకోలేదు.”

ఫోన్ పెట్టేయలేదు ఆయన. నేనూ పెట్టలేదు. ఇంజిను చప్పుడు వింటూ ఇద్దరం అలాగే ఉన్నాం.

నీ
వేణి